జున్నులా వణికే ఇసుక

సంక్రాంతి సెలవులకు వచ్చిన మా మనవడు ముక్కనుమ నాడు పొద్దున్నే నా వెనకాలే ఏటిగట్టు దిగాడు. పదేళ్లవాడు. ఊరొస్తే వాడికి కాళ్లు ఒకచోట నిలవవు. ధవళేశ్వరం బ్యారేజీకి దిగువన గోదావరి పాయలుగా చీలిపోయాక సముద్రం పోటు మా ఊరి దాకా ఎక్కివస్తుంది, మళ్లీ తీస్తుంది. ఆవేళ మేం దిగేసరికి నీళ్లు తీస్తున్నాయి. లంక అంచు వెంబడి తడి ఇసుక అద్దంలా మెరుస్తోంది. వాడు ముందు పరిగెడుతున్నాడు, నేను కర్ర పుచ్చుకుని వెనక నడుస్తున్నాను.

ఉన్నట్టుండి "తాతయ్యా!" అని ఒక్క కేక. చూద్దును కదా, వాడి కుడికాలు మోకాలి దాకా ఇసుకలో దిగబడి ఉంది. దాన్ని లాక్కోబోయి ఎడమకాలు కూడా పిక్క దాకా దించుకున్నాడు. ముఖాన నెత్తురు చుక్క లేదు. "ఊబి తాతయ్యా, ఊబి! లాగేస్తోంది!"

"లాగట్లేదురా నాన్నా. వెనక్కి చతికిలబడు. లాగు తడిస్తే తడవనీ" అన్నాను. కూలబడ్డాడు. "ఇప్పుడు కాలు పైకి గుంజకు. వేళ్లు కదుపు. పాదం అటూ ఇటూ మెల్లిగా ఆడించు. తొందరేం లేదు, నేనిక్కడే ఉన్నాను." ఓ నిమిషం ఏమీ కాలేదు. తర్వాత వాడి పిక్క చుట్టూ సన్నటి నీటి గీత ఒకటి కనబడింది. గీత కాస్తా వెడల్పయింది. ఆ సందులోకి నీళ్లు జారాయి, కాలు తేలిగ్గా వచ్చేసింది. రెండోది కూడా అలాగే వచ్చింది. ఒక చెప్పు మాత్రం ఇసుక తీసేసుకుంది.

గట్టెక్కి కూర్చుని కాళ్లకున్న ఇసుక దులుపుకుంటూ వాడు అడిగాడు: "నువ్వు లేకపోతే నేను మొత్తం లోపలికి వెళ్లిపోయేవాణ్ణా?"

ఆ ప్రశ్నకి 'లేదు' అని ఒక్క మాటలో చెప్పేయొచ్చు. కానీ ఆ ఒక్క మాట వాడి భయం తీర్చదు. భయం తీరాలంటే చూడాలి. అందుకే వాణ్ణి మళ్లీ అక్కడికే తీసుకెళ్లాను.

ఊబి అనే మాట మనకి కొత్త కాదు. అప్పుల ఊబి అంటాం, వ్యసనాల ఊబి అంటాం, పేపర్లో రోజుకోసారైనా కనబడుతుంది. మాట అందరికీ తెలుసు, వస్తువుని దగ్గరగా చూసినవాళ్లు తక్కువ. చూడనివాళ్లకి సినిమాలే దిక్కు. 1962లో వచ్చిన 'లారెన్స్ ఆఫ్ అరేబియా'లో ఒక కుర్రాడు ఎడారి ఇసుకలో నిలువునా మునిగిపోతాడు. నా చిన్నప్పుడు చూసిన జానపద సినిమాల్లో కూడా అంతే, చివరికి ఒక చెయ్యి మిగులుతుంది, అదీ పోతుంది. ఆ చెయ్యి మనసులో పాతుకుపోయి ఉంటుంది. కాలు మోకాలి దాకా దిగగానే మనకి గుర్తొచ్చేది అదే.

ఈసారి అంచు దాకా వెళ్లి, గట్టి ఇసుక మీద ఇద్దరం గొంతుక్కూర్చున్నాం. వాడు దిగబడిన చోటు ఎంతో లేదు, రెండు చాపలు పక్కపక్కన పరిచినంత. చుట్టూ ఉన్న ఇసుక మసకబారి ఆరుతుంటే ఇది ఒక్కటే ఇంకా తళతళలాడుతోంది. నా కర్రతో అంచున చిన్నగా తట్టాను. ఆ తట్టుకి మొత్తం చాపంతా వణికింది. అప్పుడే ఈనిన గేదె ముర్రుపాలతో జున్ను వండి, గిన్నె వేలితో తడితే ఎలా వణుకుతుందో అలా. "జున్ను!" అన్నాడు వాడు, భయం మర్చిపోయి.

"ఇంకా దగ్గరగా చూడు" అన్నాను. అద్దంలాంటి ఆ పైభాగం మీద సూదితో పొడిచినట్టు పది పన్నెండు చిన్న రంధ్రాలున్నాయి. ఒక్కో రంధ్రంలోంచి నీళ్లు పైకి ఉబుకుతున్నాయి, నీళ్లతో పాటు సన్నటి ఇసుక రేణువులు లేచి, గిరగిరా తిరిగి, రంధ్రం చుట్టూ పడుతున్నాయి. అలా పడీపడీ ఒక్కో దాని చుట్టూ వేలెడు గుట్ట ఏర్పడింది, నడినెత్తిన నోరున్న గుట్ట. కర్రని నిటారుగా పట్టుకుని వదిలేశాను. నొక్కలేదు, ఊరికే వదిలాను. తన బరువుకి తనే దిగుతూ దిగుతూ మూడో కణుపు దగ్గర ఆగింది. పక్కన రెండడుగుల దూరంలో అదే కర్రని బలంగా పొడిచినా అర కణుపు దిగలేదు.

"ఒక వేలు ముంచి నాలిక్కి రాసుకో" అన్నాను. రాసుకున్నాడు. "చప్పగా ఉంది." "ఇప్పుడు ఏటి నీళ్లు." నాలుగడుగులు వేసి పాయ నీళ్లు ముట్టుకుని వచ్చాడు. "ఉప్పగా ఉన్నాయి తాతయ్యా."

దొంగ దొరికాడు. చాప కింది నీళ్లు పాయలోంచి వచ్చినవి కావు. అవి మన వెనకాల ఎత్తుగా ఉన్న లంక కడుపులోవి, వానాకాలం నుంచి ఇసుకలో దాగి ఉన్న తియ్యటి నీళ్లు. పోటు ఉన్నంతసేపూ ఏటి నీళ్లు వాటికి అడ్డంగా నిలబడి ఉంటాయి. పోటు తీసేసరికి ఆ అడ్డు పోతుంది. లంకలోని నీళ్లు పల్లం వెతుక్కుంటూ వచ్చి, అంచు దగ్గర దారి లేక పైకి పొంగుతాయి. వాడు కాలేసింది సరిగ్గా ఆ పొంగే చోట.

నీళ్లు పైకి పొంగితే ఇసుకకి ఏమవుతుందో చెప్పాలంటే ముందు ఇసుక మనల్ని ఎలా మోస్తుందో చెప్పాలి. మా అమ్మ బియ్యం డబ్బాలో పోసేటప్పుడు నిండగానే ఆపేది కాదు. డబ్బాని నేలకేసి రెండుసార్లు తట్టేది. బియ్యం కిందికి సర్దుకునేవి, ఇంకో సోలెడు పట్టేవి. బియ్యం అవే, డబ్బా అదే. తట్టకముందు గింజకీ గింజకీ మధ్య ఖాళీ ఎక్కువ, తట్టాక తక్కువ. ఇసుక కూడా అంతే. వదులుగా పడిన ఇసుకలో నూటికి నలభై అయిదు వంతుల దాకా ఖాళీయే ఉంటుంది, బాగా సర్దుకున్న దానిలో ముప్ఫై అయిదు వంతులు. రెండిట్లోనూ గింజ గింజ మీద ఆనుకుని ఉంటుంది. ఆ ఆనుకోవడం వల్లే రాపిడి పుడుతుంది, ఆ రాపిడే మన బరువు మోస్తుంది. గింజల మధ్య ఖాళీలో గాలి ఉన్నా, కదలని నీళ్లున్నా ఈ ఆనిక పోదు.

కిందనుంచి నీళ్లు పైకి తోస్తే కథ మారుతుంది. పోయే ప్రతి నీటి ధారా ప్రతి గింజనీ కాస్త ఎత్తుతుంది. ఎత్తిన మేరకి ఆ గింజ తన కింది గింజ మీద ఆనడం తగ్గిస్తుంది. తోపు పెరిగి పెరిగి, నీళ్లలో ఇసుకకి మిగిలే బరువుకి సరిసమానమైందనుకోండి, ఇక ఏ గింజా ఏ గింజ మీదా ఆనదు. అన్నీ నీళ్లలో వేలాడుతుంటాయి. ఆనిక లేదు కనుక రాపిడి లేదు, రాపిడి లేదు కనుక మోసేది లేదు. చూడటానికి ఇసుకే, నడతలో మాత్రం చిక్కటి నీరు. మామూలు ఇసుకకి ఈ గడియ ఎప్పుడొస్తుందో లెక్క ఉంది: ఒక మీటరు మందం ఇసుకని ఇలా తేల్చేయడానికి అడుగున సుమారు ఒక మీటరు నీటి ఎత్తు అదనపు ఒత్తిడి కావాలి. అడుగు మందానికి అడుగు ఎత్తు. అంతే, పెద్ద బలమేం అక్కర్లేదు.

ఇసుక బరువు ఒకటి, దాన్ని నీళ్లు మోసిపెట్టిన మేర ఒకటి, తీసేయగా మిగిలిందే నేలకి అసలు బలం అనే సంగతిని లెక్కగా తేల్చినవాడు కార్ల్ టెర్జాగీ. 1883లో ప్రాగ్‌లో పుట్టాడు. ఇస్తాంబుల్‌లో పాఠాలు చెబుతూ చుట్టల పెట్టెలతో పరికరాలు తయారు చేసుకుని, వాటిలో మట్టి పోసి పరీక్షించాడు. 1925లో ఆయన పుస్తకం వచ్చింది, నేల గురించిన ఇంజనీరింగు శాస్త్రం అక్కణ్ణుంచి మొదలైందంటారు. చుట్టల పెట్టెలో ఇంత శాస్త్రం పుట్టిందంటే నాకు ఇప్పటికీ ఒళ్లు పులకరిస్తుంది.

ఇంట్లో ఇది చేసి చూడొచ్చు, మేం ఆ మధ్యాహ్నమే చేశాం. పాత ప్లాస్టిక్ బకెట్టు అడుగు పక్కగా చిల్లు పొడిచి, తోటకి నీళ్లు పెట్టే గొట్టం బిగించాం. అడుగున బెత్తెడు గులకరాళ్లు, వాటి మీద పాత చీర గుడ్డ, దాని మీద ఏటి ఇసుక. ఇసుకని తడిపి, పైన ఒక రుబ్బురాయి ముక్క పెట్టాం. లోపల ఇసుక మధ్యలో ఒక పింగ్‌పాంగ్ బంతి పాతిపెట్టాం. కుళాయి కొద్దికొద్దిగా తిప్పుతుంటే చాలాసేపు ఏమీ కనబడలేదు. ఇసుక మట్టం మాత్రం అంగుళంలో పావు వంతు ఉబ్బింది. ఆ తర్వాత రాయి ఓ పక్కకి ఒరిగి, చప్పుడు లేకుండా మునిగిపోయింది. మరుక్షణం బంతి బుడుంగున పైకి తేలింది. కుళాయి కట్టేశాం. ఇసుక గట్టిపడింది, వాడు పిడికిలితో గుద్దితే చెయ్యి నొప్పెట్టింది. మళ్లీ తిప్పాం, మళ్లీ మెత్తబడింది. అలా ఎన్నిసార్లు చేశాడో, వాళ్లమ్మ అన్నానికి పిలిచే దాకా లేవలేదు.

రాయి మునిగింది, బంతి తేలింది. వాడి ప్రశ్నకి సగం జవాబు ఇదే. నీళ్లు కలిసిన ఇసుక లీటరు రెండు కిలోల దాకా తూగుతుంది. మనిషి ఒళ్లు లీటరు కిలో, దాదాపు నీటి బరువే. నీళ్లలోనే ఊపిరి నిండా పీల్చుకుంటే తేలే మనిషి, దానికి రెట్టింపు బరువున్న దానిలో ఎలా మునుగుతాడు? నడుము దాకా దిగేసరికి బరువుకి బరువు సరిపోతుంది. ఆమ్‌స్టర్‌డామ్ విశ్వవిద్యాలయంలో డానియల్ బాన్ అనే భౌతికశాస్త్రవేత్త, ఆయన సహచరులు ఇరాన్‌లో కోమ్ నగరం దగ్గరి ఉప్పు సరస్సు ఒడ్డున ఉన్న ఊబిని పరిశీలించి, ప్రయోగశాలలో ఇసుక, బంకమట్టి, ఉప్పునీళ్లు కలిపి అలాంటి ఊబినే తయారు చేశారు. మనిషి ఒంటి సాంద్రతే ఉన్న గుండుని దాని మీద పెట్టి కుదిపి చూశారు. ఎంత కుదిపినా అది సగానికి మించి దిగలేదు. 2005లో 'నేచర్' పత్రికలో ఇది అచ్చయింది.

వాళ్లు కనిపెట్టింది ఇంకొకటుంది. బంకమట్టి కలిసిన ఊబి కదలనంతసేపూ గడ్డ పెరుగులా నిలబడి ఉంటుంది. గరిట పెట్టి కలియబెడితే పెరుగు జారిపోయినట్టు, కాలు తగలగానే ఈ నిలకడ చెదిరిపోతుంది. ఇసుక అడుక్కి దిగుతుంది, నీళ్లు పైకి తేలతాయి. అడుక్కి దిగిన ఇసుక ముందున్న దానికంటే ఎంతో గట్టిగా, కాలి చుట్టూ పోతపోసినట్టు సర్దుకుంటుంది. మా అమ్మ తట్టిన బియ్యం డబ్బాయే ఇక్కడా. దిగడానికి తేలిక, రావడానికి కష్టం ఎందుకంటే ఇందుకే. పాదాన్ని సెకనుకి ఒక సెంటీమీటరు వేగంతో పైకి లాగాలంటే ఓ మాదిరి కారుని ఎత్తేంత బలం కావాలని వాళ్ల లెక్క.

కారుని ఎత్తేంత బలం ఎక్కణ్ణుంచి వచ్చిందని వాడు అడిగాడు. వంటింట్లోకి తీసుకెళ్లాను. తోమిన రెండు స్టీలు గిన్నెలు తడితడిగా ఒకదానిలో ఒకటి పెడితే ఇరుక్కుపోవడం మీ ఇళ్లలో కూడా చూసే ఉంటారు. ఎంత బలంగా గుంజితే అంత గట్టిగా పట్టుకుంటాయి. పైగిన్నె లేవాలంటే అడుగున ఖాళీ పుట్టాలి, ఆ ఖాళీలోకి గాలో నీళ్లో వెళ్లాలి. వెళ్లే సందు లేకపోతే బయటి గాలి మొత్తం పైగిన్నెని కిందికి నొక్కి పెడుతుంది. వాళ్లమ్మమ్మ గుంజలేదు. అంచున కాసిని నీళ్లు పోసి, గిన్నెని మెల్లిగా అటూ ఇటూ తిప్పింది. వచ్చేసింది. "నా కాలూ ఇంతేగా!" అన్నాడు వాడు. అవును, అంతే. కాలి చుట్టూ కనబడిన ఆ నీటి గీతే వాణ్ణి బయటికి తెచ్చింది. ఎవరైనా చేతులు పట్టుకుని బలంగా పైకి లాగి ఉంటే వాడి మోకాలు కీలు తప్పేది.

మరి ఊబి చంపదా అంటే, ఊబి పట్టుకుంటుంది, చంపేవి వేరు. పట్టుకున్నప్పుడు పైనుంచి ఏమొస్తుందన్నదే ప్రశ్న. ఇంగ్లండు వాయవ్య తీరాన మోర్‌కాంబ్ అఖాతం ఉంది. నీళ్లు తీస్తే మైళ్ల తరబడి ఇసుక పర్ర బయటపడుతుంది, దాన్నిండా ఊబులు. పోటు వచ్చేటప్పుడు మాత్రం మనిషి పరుగుకి అందనంత వేగంగా వస్తుంది. రైలు దారి పడకముందు జనం, గుర్రబ్బండ్లు ఆ ఇసుక మీదుగానే అవతలి ఒడ్డుకి వెళ్లేవాళ్లు. దారి చూపడానికి 16వ శతాబ్దం నుంచీ అక్కడ ఒక అధికారిక మార్గదర్శకుణ్ణి నియమిస్తూ వస్తున్నారు. సెడ్రిక్ రాబిన్‌సన్ అనే చేపలు పట్టుకునే మనిషి 1963లో ఆ పనిలో చేరి 2019 దాకా చేశాడు. ఏడాదికి పదిహేను పౌండ్ల జీతం, ఉండటానికో ఇల్లు. కర్రతో పొడిచి చూసుకుంటూ, గట్టిగా ఉన్న దారి వెంట చెట్టు కొమ్మలు పాతుకుంటూ లక్షల మందిని దాటించాడు. నిన్న ఉన్న ఊబి ఇవాళ అక్కడ ఉండదు కనుక ప్రతిసారీ కొత్తగా వెతుక్కోవాల్సిందే. అదే అఖాతంలో 2004 ఫిబ్రవరి 5 రాత్రి, చీకట్లో గవ్వచేపలు ఏరుతున్న చైనా కూలీలు 23 మంది పోటుకి చిక్కి చనిపోయారు. పాపం ఆ తీరం గుణం చెప్పేవాళ్లు వాళ్లకి ఎవరూ లేరు. వాళ్లని తీసుకున్నది ఇసుక కాదు, చల్లటి నీళ్లు.

మన ఏళ్లలో ప్రమాదం ఇంకో రూపంలో ఉంటుంది. ఇసుక తవ్వి వదిలేసిన గుంతలు నీళ్లు నిండి పైకి సమంగా కనబడతాయి. మోకాలి లోతనుకుని అడుగేస్తే నిలువెత్తు లోతు. మర్నాడు పేపర్లో 'ఊబిలో చిక్కుకుని' అని రాస్తారు. ఊబి కాదది, గొయ్యి. ఈ తేడా నేను మనవడికి రెండు మూడుసార్లు చెప్పాను, మీ పిల్లలకి మీరూ చెప్పండి. ఊబిలో కూర్చుంటే తేలతావు, గొయ్యిలో ఈత రాకపోతే మునుగుతావు.

ఇంతకీ ఊబి కోసం ఇంగ్లండు దాకా వెళ్లక్కర్లేదు. ఎండాకాలం ఏటి ఇసుకలో చెలమ తీశారా ఎప్పుడైనా? చేత్తో మూరెడు తవ్వగానే నీళ్లు ఊరతాయి. చెంబుతో గబగబా తోడేసి, నీళ్లు మళ్లీ ఊరేటప్పుడు అడుగుకేసి చూడండి. ఇసుక కుతకుతలాడుతూ ఉంటుంది, అన్నం ఉడికినట్టు. అప్పుడు వేలు పెడితే పట్టు దొరకదు. అది చెంబెడు ఊబి. మా ఇంటి నుయ్యి తవ్వించినప్పుడు ఒరలు దించే ముసలాయన ఒక నియమం పెట్టాడు, నీళ్లు మొత్తం తోడొద్దని. కుర్రవాళ్లు మోటారు పెట్టి అడుగంటా తోడేస్తే ఇసుక నూతిలోకి పొంగుకొచ్చి, తవ్విన మూడడుగులూ మళ్లీ పూడిపోయింది, పైగా ఒర ఒక పక్కకి ఒరిగింది. ముసలాయన కోప్పడలేదు. నీళ్లు నిండనిచ్చి, మునిగి గంపతో ఇసుక తీశాడు. లోపలి నీటి బరువు అడుగు ఇసుకని నొక్కి పెట్టి ఉంచుతుందని ఆయనకి ఎవరు చెప్పారు? టెర్జాగీ పుస్తకం ఆయన చదవలేదు. చేతికి తెలుసు.

అంతకంటే పెద్దది 1986లో చూశాను. ఆగస్టు 16న ధవళేశ్వరం దగ్గర గోదావరి 35 లక్షల క్యూసెక్కులు దాటింది. ఊరంతా రాత్రింబవళ్లు గట్టు మీదే. గట్టుకి అటు నీళ్లు మా పెంకుటింటి చూరు ఎత్తున ఉన్నాయి, ఇటు మా పొలాలు పల్లంలో ఉన్నాయి. తెల్లవారుజామున ఎవరో లాంతరు పట్టుకుని కేకేశారు. గట్టు కిందికి ఇరవై గజాల దూరంలో, మాగాణి మధ్యలో, నీళ్లు బుగ్గలా పైకి చిమ్ముతున్నాయి. బుగ్గ చుట్టూ తెల్లటి ఇసుక గుట్ట. రంధ్రం చూస్తే పిడికిలంత. మేమంతా ఒకటే అనుకున్నాం, దీని నోరు మూసేయాలని. ఇద్దరు అప్పటికే మట్టి బస్తా ఎత్తుకున్నారు. గట్టు పనులకి వచ్చిన ఇంజనీరు ఒకాయన, నా కంటే చిన్నవాడు, రెండు చేతులూ అడ్డం పెట్టాడు. "మూయొద్దండీ! మూస్తే పక్కన లేస్తుంది. చుట్టూ కట్టండి!"

బుగ్గ చుట్టూ నూతి ఒరలా బస్తాలు పేర్చాం. ఒక వరస, రెండు, మూడు. లోపల నీళ్లు పెరిగాయి. నీళ్లు ఎత్తు పెరిగేకొద్దీ అడుగు నుంచి వచ్చే తోపుకి ఎదురు బరువు పెరిగింది. నాలుగో వరస నిండేసరికి నీళ్లింకా ఊరుతూనే ఉన్నాయి కానీ తేటగా ఊరుతున్నాయి, ఇసుక రావడం ఆగిపోయింది. ఆయన దోసిలితో ఆ నీళ్లు తీసి లాంతరు వెలుగులో చూసి, "ఇసుక లేదు" అన్నాడు. నీళ్లు రావడం తప్పు కాదు, ఇసుకని వెంటబెట్టుకుని రావడమే తప్పు. ఒక్కో గింజా బయటికొచ్చేస్తుంటే గట్టు కింద సొరంగం పడుతుంది, పడి వెనక్కి పాకుతుంది. ఏటి దాకా పాకిన రోజు గట్టు ఉండదు.

ఇసుక మీద కట్టిన ఆనకట్టలన్నిటికీ ఉన్న భయం ఇదే. 1898లో గంగ మీద నరోరా ఆనకట్ట ఇలాగే దెబ్బతింది. ఎత్తున ఆగిన నీళ్లు పునాది కిందుగా దూరి, దిగువన పైకి తేలుతూ ఇసుకని ఎత్తేశాయి. పంజాబు ఇంజనీరు ఎ.ఎన్. ఖోస్లా, ఇద్దరు సహచరులతో కలిసి, ఈ నీరు దిగువన పైకొచ్చే చోట ఎంత తోపుతో వస్తుందో కట్టేముందే లెక్కకట్టే పద్ధతిని 1936లో పుస్తకంగా ఇచ్చాడు. నీటికి దారి పొడుగు చేయాలి, లోతుగా అడ్డుగోడలు దించాలి, పైకి తేలేసరికి దానికి గింజని ఎత్తే సత్తువ ఉండకూడదు. దేశంలో ఇప్పటికీ ఆనకట్టలు కట్టే ఇంజనీర్లు ఆ పాఠమే చదువుతారు. 2023 అక్టోబరులో మేడిగడ్డ బ్యారేజీ ఏడో బ్లాకులో పిల్లర్లు కుంగినప్పుడు, పునాది కింద ఇసుక కొట్టుకుపోవడం కారణాల్లో ఒకటని డ్యాముల భద్రతా సంస్థ కమిటీ చెప్పింది. అదే గోదావరి, అదే ఇసుక.

మరి ఖోస్లా లెక్కలు లేని రోజుల్లో, 1847 నుంచి 1852 దాకా, ఆర్థర్ కాటన్ ధవళేశ్వరం, ర్యాలి, మద్దూరు, విజ్జేశ్వరం అంటూ నాలుగు ముక్కలుగా అంత పొడుగు ఆనకట్ట ఈ ఇసుక మీదే ఎలా నిలబెట్టాడు? లోతు తెలియని ఇసుకలో పునాది వేసే విద్య తాము చోళుల కాలం నాటి కావేరి మీది కల్లణై ఆనకట్ట చూసి నేర్చుకున్నామని ఆయనే ఒప్పుకున్నాడు. కల్లణై కట్టినవాళ్ల పేర్లు మనకి తెలియవు. వాళ్లూ ఏదో ఒక ఏటి అంచున గొంతుక్కూర్చుని, ఇసుక కుతకుతలాడటం చూసే ఉంటారు.

భూకంపాల మాట కూడా ఒకటి చెప్పాలి. నీళ్లు పైకి తోయకపోయినా, వదులు ఇసుకని గట్టిగా కుదిపితే ఇదే జరుగుతుంది. గింజలు సర్దుకోబోతాయి, మధ్యలో ఉన్న నీళ్లకి పారిపోయే టైము ఉండదు, బరువంతా నీళ్ల మీద పడుతుంది. 1934 జనవరి 15న బిహారు భూకంపంలో పొలాల్లోంచి ఇసుక, నీళ్లు ఊటల్లా చిమ్మాయి. 1964లో జపానులో నీగాటా దగ్గర నాలుగంతస్తుల ఇళ్లు పగలకుండా, విరక్కుండా, అలాగే పక్కకి ఒరిగి పడుకున్నాయి.

సరే, చిన్న ఊబి ఒకటి చూడాలని మీకూ ఉంటే ఎక్కడ వెతకాలో చెబుతాను. వరద తీసి నది నెమ్మదించాక, శీతాకాలంలో వెళ్లండి, వానాకాలంలో వద్దు. ఎత్తయిన ఇసుక తిన్నె ఉండి, దాని పాదం నీటిని తాకే చోటు చూడండి. ఒడ్డున ఊట తేలే వాగైనా మంచిదే. చుట్టూ ఆరుతున్నా ఒక చోటు మాత్రం మెరుస్తూనే ఉంటే ఆగండి. గట్టి ఇసుక మీద అడుగేస్తే పాదం చుట్టూ ఒక్క క్షణం తెల్లగా పొడిబారుతుంది, సముద్రపు ఒడ్డున మీరు చూసే ఉంటారు. అడుగు ఒత్తిడికి గింజలు ఒకదాని మీదకి ఒకటి ఎక్కి, మధ్యన ఖాళీ పెరిగి, పైనున్న తడి లోపలికి ఇంకిపోవడం అది. 1885లో ఆస్‌బోర్న్ రేనాల్డ్స్ దాన్ని వివరించాడు. పాదం చుట్టూ తెల్లబారితే నేల గట్టిదన్నమాట. తెల్లబారకుండా, నీళ్లు చిమ్మి, చుట్టూ వణికితే వెనక్కి రండి. చేతిలో పొడుగు కర్ర, పక్కన పెద్దవాళ్లు తప్పనిసరి.

మర్నాడు పొద్దున్న సరిగ్గా అదే టైముకి మనవడు వాళ్ల చెల్లెల్ని వెంటబెట్టుకుని వచ్చాడు, ఊబి చూపిస్తానని. తీరా చూస్తే అక్కడ నీళ్లు. చాపలు పరిచినంత చోటు పాయలో మునిగి ఉంది. వాడి ముఖం చిన్నబోయింది. "నిన్న ఇదే టైముకి ఉంది తాతయ్యా."

"నిన్న రాత్రి చంద్రుడు ఎప్పుడొచ్చాడు, మొన్న ఎప్పుడొచ్చాడు?" అన్నాను. వాడు చూడలేదు. చంద్రుడు రోజుకి ఇంచుమించు యాభై నిమిషాలు ఆలస్యంగా వస్తాడు, పోటు కూడా ఆయన వెంటే ఆలస్యంగా తీస్తుంది, ఊబి పోటు వెంట. "అయితే ఆగుదాం" అని చెల్లెల్ని పక్కన కూర్చోబెట్టుకున్నాడు. కొంగ ఒకటి అవతల ఒడ్డున నిలబడి ఉంది. నీళ్లు ఒక్కో వేలెడే వెనక్కి జరుగుతున్నాయి. ఇసుక బయటపడింది, ముందు అంతా ఒకేలా మెరిసింది, తర్వాత చుట్టూ మసకబారి, ఆ ఒక్క చోటు మెరుస్తూ ఉండిపోయింది. చెల్లెలు ఇంకా కొంగనే చూస్తోంది. వాడు మోకాళ్ల మీద వంగి, ఊపిరి బిగబట్టి, వేలు చాపాడు.

మొదటి రంధ్రం తెరుచుకుంది. నాలుగు రేణువులు లేచి, గుండ్రంగా తిరిగి, పడ్డాయి.

వాడు నా కర్ర తీసుకుని నిటారుగా పట్టుకుని వదిలాడు. మూడో కణుపు దగ్గర ఆగింది.